లేటు సరే, ఎంత లేటో ఎందుకు చెప్పరు? రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు ఇక్కడ రాయండి

జనగామ_పాస్ | సోమవారం, రాత్రి 9:42

జనగామ నుంచి సికింద్రాబాద్‌కు రోజూ అప్ అండ్ డౌన్ చేస్త. సీజన్ పాస్. ఈ ముచ్చట రాద్దామని చాన రోజుల నుంచి అనుకుంటున్న.

బండి లేటయితదని కాదు నా బాధ. రోజూ ఇరవై నిమిషాలు లేటొచ్చే బండైతే దానికి తగ్గట్టు బతకొచ్చు. ఇంట్లకెళ్లి ఇరవై నిమిషాలు ఆగి బయల్దేరుతం, ఆఫీసుల ముందే చెప్పుకుంటం. మా పొద్దుటి బండి అట్ల కాదు. ఒకనాడు టైముకే వస్తది. మర్నాడు అరగంట. ఆ మర్నాడు టైముకే వచ్చి, భువనగిరి దాటినంక పొలాల నడుమ నిలబడతది. ఎందుకు ఆగిందో, ఎంతసేపు ఆగుతదో బోగీల ఉన్న ఒక్క మనిషికి తెల్వదు. ఆఫీసుకు ఫోన్ చేసి "పది నిమిషాల్ల వస్తున్న" అనాల్నా, "ఇయ్యాల హాఫ్ డే రాస్కోండి" అనాల్నా? యాప్ తెరిస్తే మన సెల్‌ఫోన్ ఎక్కడుందో అదే చూపెడతది గానీ, సిగ్నల్ ఎప్పుడిస్తరో అది మాత్రం ఏం చెప్తది?

ఇంకోటి. బండి టైముకు నడిచిందా లేదా అన్నది ముఖ్యంగా ఆఖరి స్టేషన్ చేరిన టైమును బట్టే లెక్కేస్తరు. నడుమ స్టేషన్లల్ల ఎక్కేటోళ్లు, దిగేటోళ్లు ఆ లెక్కల కనపడరు. రోజూ తిరిగేటోళ్లల్ల ఎక్కువమంది నడుమ స్టేషన్లోళ్లమే.

మీ మీ లైన్లల్ల ఎట్లున్నదో రాయండి. తిట్లు వద్దు, వివరాలు కావాలె. అన్నీ కలిపి డివిజన్ ప్రయాణికుల సంప్రదింపుల కమిటీకి (డీఆర్‌యూసీసీ) ఒక కాగితం ఇద్దామని ఉంది.

భువనగిరి_అక్క | సోమవారం, రాత్రి 10:15

తమ్ముడూ, మంచి పని చేసినవ్. నా మాట ఒకటి రాసుకో: పొద్దుటి లేటు, సాయంత్రం లేటు ఒకటి కావు.

పొద్దున లేటయితే పై ఆఫీసర్ ముఖం మాడ్చుకుంటడు, అంతే. సాయంత్రం లేటయితే నా ఇల్లంతా తలకిందులైతది. భువనగిరిల దిగి మా ఊరికి పోవాలంటే ఆఖరి బస్సు ఒక్కటే ఉంటది. అది తప్పితే షేరాటో. చీకటి పడ్డంక ఆటోలో ఇంకో ఆడమనిషి ఉంటేనే ఎక్కుత, లేకుంటే మా ఆయన బండేసుకుని రావాలె. ఆయనకు నైట్ డ్యూటీ ఉన్ననాడు పిల్లను పక్కింటోళ్ల దగ్గర్నే పడుకోబెడతం. ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, "నలభై నిమిషాలు లేటు" అని సాయంత్రం ఐదింటికే తెలిస్తే నేను బస్సుకు ఉప్పల్ పోయి అక్కడి నుంచి భువనగిరికి వస్త. ప్లాట్‌ఫాం మీద నిలబడి "వస్తది వస్తది" అనుకుంట గంట పోగొట్టుకున్నంక ఇంక ఏ దారీ ఉండదు.

సౌకర్యం సంగతి కూడా చెప్పాలె. జనరల్ బోగీల నిలబడి వచ్చుడు మాకు అలవాటే. మరుగుదొడ్లల్ల నీళ్లు లేకపోవుడు మాత్రం అలవాటు చేసుకునేది కాదు. నెలసరి రోజుల్ల, ఎండాకాలంల, బండి నడుమ ఆగిన గంటల ఆడోళ్లు ఏం చేస్తరు? చానమంది పొద్దుగాల నుంచి నీళ్లు తాగకుండనే ప్రయాణం చేస్తరు. నాతోటి వచ్చే ఒకామెకు ఇట్ల చేసే మూత్రంల ఇన్ఫెక్షన్ వచ్చింది.

రిటైర్డ్_ఎస్ఎం | సోమవారం, రాత్రి 11:03

నేను స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. జనగామ_పాస్ గారు అడిగిన "ఎందుకు ఆగింది" అన్నదానికి తెలిసినంత చెబుతాను.

సికింద్రాబాద్–కాజీపేట లైను పొడవు దాదాపు 132 కిలోమీటర్లు. కాజీపేట దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి బల్లార్షా మీదుగా ఢిల్లీ వైపు, ఇంకోటి వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ వైపు. అంటే రెండు మహా మార్గాల బండ్లూ, గూడ్సులూ మీ జనగామ, భువనగిరి మీదుగానే నడవాలి. ఘట్‌కేసర్ నుంచి మౌలాలి దాకా ఎంఎంటీఎస్ (హైదరాబాద్ సిటీ లోకల్ బండ్లు) రెండో దశలో అదనపు లైన్లు పడ్డాయి కాబట్టి అక్కడ కాస్త ఊపిరి ఉంది. అటు అవతల ఆ వెసులుబాటు లేదు.

ఇక సిగ్నల్ పద్ధతి. ఆటోమేటిక్ సిగ్నళ్లు ఉన్నచోట సుమారు కిలోమీటరుకొకటి చొప్పున ఉంటాయి, బండి వెనక బండి పంపవచ్చు. ఆబ్సల్యూట్ బ్లాక్ ఉన్నచోట ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్ దాకా ఒక లైను మీద ఒకే బండి. ముందున్నది పక్క స్టేషన్ దాటి, అక్కడి వాళ్లు లైన్ క్లియర్ ఇస్తేనే వెనకది కదులుతుంది. ముందు గూడ్సు నెమ్మదిగా పోతుంటే వెనకాల మీరు ఆగవలసిందే.

తరవాత ప్రిసిడెన్స్, అంటే ఏ బండిని ముందు పోనివ్వాలన్న వరస. సెక్షన్ కంట్రోలరు ముందు సూపర్‌ఫాస్టును చూస్తాడు. ప్యాసింజరును లూప్ లైనులో, అంటే స్టేషన్‌లో పక్కన ఉండే పట్టాల మీద పెట్టి దాన్ని దాటిస్తాడు. చలికాలంలో ఉత్తరాదిన పొగమంచు పట్టి ఢిల్లీ బండ్లు గంటల తరబడి ఆలస్యమైతే, అవి తమ వేళ పోగొట్టుకుని సరిగ్గా మీ ఆఫీసు వేళల్లో వచ్చి పడతాయి. అక్కడ పడిన మంచుకు మీరు ఇక్కడ ఆగుతారు.

టైంటేబుల్లో చివరి ఒకటి రెండు స్టేషన్ల మధ్య ఇచ్చే అదనపు సమయం గురించి కూడా చెప్పాలి. పట్టాల మరమ్మతులు, కాషన్ ఆర్డర్లు (నెమ్మదిగా నడపమనే ఆదేశాలు) ఉంటాయి కాబట్టి ఆ అలవెన్స్ న్యాయమైనదే. అయితే మీరే పోల్చి చూడండి: ఏదైనా బండి సికింద్రాబాద్ చేరేటప్పుడు చివరి స్టేషన్ నుంచి ఎన్ని నిమిషాలు రాశారు, అదే దూరం బయల్దేరేటప్పుడు ఎన్ని రాశారు? తేడా మీకే కనపడుతుంది. దారిలో ఆలస్యమైన బండి ఆఖరున "రైట్ టైం" కావడానికి కారణం అదే.

జనగామ_పాస్ | సోమవారం, రాత్రి 11:20

సార్, ఇన్నేండ్లల్ల ఇంత విడమర్చి ఎవరూ చెప్పలే. ఒక్కటి అడుగుత. లూప్‌లో పెట్టినప్పుడు ఎంతసేపు ఆగుతదో స్టేషన్ మాస్టరుకు తెలుస్తదా?

రిటైర్డ్_ఎస్ఎం | సోమవారం, రాత్రి 11:31

తెలుస్తుంది. వెనక ఏ బండి వస్తోందో, అది ఏ స్టేషన్ దాటిందో కంట్రోల్ చెబుతూనే ఉంటుంది. నిమిషం అటూ ఇటూగా అంచనా ఉంటుంది. మైకులో చెప్పవచ్చు. రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌లో ఆగితే మాత్రం చెప్పడం కష్టం. అక్కడ లోకో పైలట్‌కు కనపడేది ఎర్ర సిగ్నల్ ఒక్కటే.

తెనాలి_గుంటూరు | మంగళవారం, ఉదయం 6:50

మా వైపు సంగతి చెబుతానండీ. తెనాలి, గుంటూరు, మంగళగిరి, బెజవాడ మధ్య రోజూ తిరిగేవాళ్లు వేలల్లో ఉంటారు. దూరాలు చిన్నవి. గుంటూరు నుంచి విజయవాడ ముప్పై కిలోమీటర్ల పైచిలుకే. బండి సజావుగా వస్తే బస్సు దాని ముందు నిలవదు. చిక్కంతా బెజవాడ గుమ్మంలో. కృష్ణా కెనాల్ దగ్గర ఆగిందంటే ఎదురుగా వంతెన కనపడుతూనే ఉంటుంది, కదలదు. ప్లాట్‌ఫాం ఖాళీ లేదంటారు. మద్రాసు నుంచి, హౌరా నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చేవన్నీ అదే స్టేషన్లోకి రావాలి కదా.

చార్జీల విషయమూ ఎవరో ఒకరు రాయాలి. కరోనా తరవాత ప్యాసింజర్లను స్పెషల్ అని, ఎక్స్‌ప్రెస్ అని మార్చి కనీస టికెట్టు 10 రూపాయల నుంచి 30 చేశారు. బండి అదే, ఆగే స్టేషన్లు అవే. 2024 ఫిబ్రవరి ఆఖర్లో గానీ మళ్లీ 10కి దిగలేదు. పాస్ ఉన్నవాళ్లకు ఆ బాధ తెలియలేదు. రోజు టికెట్టు కొనుక్కుని పూలు, ఆకుకూరలు తెచ్చి అమ్ముకునే వాళ్లు మాత్రం ఆ నాలుగేళ్లూ చాలామంది ఆటోల్లోకి మారిపోయారు. మా బోగీలో మల్లెల బుట్టలతో వచ్చే పెద్దమ్మలు కొందరు తిరిగి రాలేదండీ. వాళ్లు ఎలా బతుకుతున్నారో.

హఫీజ్‌పేట్_లోకల్ | మంగళవారం, ఉదయం 8:12

సిటీ లోపలి మాట. ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. అప్పటికి మెట్రో ఇంకా రాలేదు. ఇప్పటికీ కనీస టికెట్ 5 రూపాయలే. మెట్రోలో 2025 మే నెలలో చార్జీలు పెరిగాక దూరం పోయేవాళ్లకు ఒక వైపుకే 60, 70 దాకా అవుతోంది. నెల జీతం పదిహేను వేలున్న హౌస్ కీపింగ్ అమ్మాయికి, సెక్యూరిటీ గార్డుకు ఈ తేడా ఎంతో ఆలోచించండి. హైటెక్ సిటీ స్టేషన్లో పొద్దున్నే దిగేవాళ్లను చూస్తే ఆ బండి ఎవరికోసం నడవాలో తెలుస్తుంది.

మెట్రోకు సొంత పట్టాలున్నాయి. లోకల్‌కు లేవు. లింగంపల్లి వైపు లైనులో ముంబై ఎక్స్‌ప్రెస్‌లూ మేమూ ఒకే పట్టాల మీద నడవాలి. కాబట్టి ఎస్ఎం గారు చెప్పిన లూప్ కథ మాకూ ఉంది. దాన్నైనా భరించవచ్చు. రద్దు చేసినప్పుడు ముందురోజు రాత్రికి చెప్పకపోవడం భరించలేం. స్టేషన్‌కు వచ్చాక బోర్డు చూసి తెలుసుకుంటాం. ఒక బండి పోతే తరవాతిది ఎప్పుడో అనేదే ప్రశ్న. ఐదు నిమిషాలకొకటి ఉంటే ఒకటి రద్దయినా పట్టించుకోం. మధ్యాహ్నం పూట గంటకు పైగా ఖాళీ ఉన్నచోట ఒక్కటి పోతే ఆ పూట పని పోయినట్టే.

2020 మార్చిలో ఆగిన లోకళ్లు 2021 జూన్‌లో గానీ తిరిగి మొదలు కాలేదు. ఆ మధ్యలో బైకులు కొనుక్కున్నవాళ్లు చాలామంది మళ్లీ వెనక్కి రాలేదు. నమ్మకం పోయాక మనిషి వాయిదాల మీదైనా సరే సొంత బండి కొనుక్కుంటాడు.

డోంబివిలీ_తెలుగు | మంగళవారం, ఉదయం 9:05

ముంబైలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా తాతలు మగ్గం పని మీద పాలమూరు నుంచి వచ్చారు. హఫీజ్‌పేట్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ మేం టైంటేబుల్ చూసేది తక్కువ. ఒకటి పోతే నాలుగైదు నిమిషాల్లో ఇంకోటి. లేటు గురించి గొడవపడాల్సిన పని చాలా రోజుల్లో ఉండదు.

అలాగని ఇక్కడ స్వర్గం ఉందనుకోకండి. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వస్తున్నవాళ్లు కిందపడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. మేం రోజూ ఆ మలుపు మీదుగానే వెళ్తాం. బండి టైముకు వచ్చినా అందులో లోపల నిలబడే చోటు లేకపోతే అది ఏం సేవ? మీరు కమిటీకి రాసేటప్పుడు బోగీల సంఖ్య మాట తప్పక రాయండి. ఆడవాళ్ల కోసం ప్రత్యేక లోకల్ ఇక్కడ 1992 నుంచి నడుస్తోంది. ఆ లేడీస్ స్పెషల్ మా అమ్మ ఉద్యోగాన్ని నిలబెట్టింది.

రాయగిరి_రామాలయం_వీధి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఎంఎంటీఎస్ ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా 33 కిలోమీటర్లు పొడిగిస్తమని ఎప్పటి సందో వింటున్నం. అది వస్తే భువనగిరి అక్క కష్టం సగం తీరుతది. ఎవరికన్న కొత్త సంగతి తెలిస్తే రాయండి.

దూరం_పోయేవాడు | మంగళవారం, సాయంత్రం 4:48

నేను రోజూ తిరిగేవాణ్ణి కాదు. అయినా ఒక మాట అనాలి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్తూ వరంగల్‌లో జనరల్ బోగీ ఎక్కాం. సీట్ల మీద కర్చీఫులు, టిఫిన్ సంచులు. "ఇక్కడ మావోళ్లు కాజీపేటలో ఎక్కుతారు" అన్నారు. ఎక్కారు కూడా, పేకముక్కలతో. అమ్మ జనగామ దాకా నిలబడింది. టికెట్టు కొన్న మాకూ, పాస్ కొన్న మీకూ హక్కు సమానమే కదండీ? మీ బాధలు రాస్తున్నారు, మంచిదే. మీ వల్ల పడే బాధ కూడా ఆ కాగితంలో ఉండాలి.

జనగామ_పాస్ | మంగళవారం, రాత్రి 9:10

అన్నా, అమ్మకు సీటియ్యని బోగీల నేనుంటే లేచి ఇచ్చేటోణ్ణి. ఖాళీ సీటు మీద కర్చీఫ్ ఏసి ఇంకో స్టేషన్లో ఎక్కేటోనికి ఆపుడు ముమ్మాటికీ తప్పు. మా బోగీల ఒక పద్ధతి పెట్టుకున్నం: ముసలోళ్లు, చంటిపిల్లల తల్లులు ఎక్కితే రోజూ తిరిగేటోళ్లే ముందు లేవాలె. మేం గంటన్నరల దిగిపోతం, వాళ్లకు ఇంకా దూరం ఉంటది. అన్ని బోగీలల్ల ఇది నడవాలె.

భువనగిరి_అక్క | మంగళవారం, రాత్రి 9:34

పేకాట గుంపు మాకూ ఇబ్బందే తమ్ముడూ. ఆడోళ్లు ఆ కంపార్ట్‌మెంటు దిక్కు పోనే పోరు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి చెప్తే ఒకసారి ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు వచ్చిండ్రు, వారం సల్లగున్నది. చెప్పుకుంటే పని అయితది, కానీ రోజూ చెప్పాలె.

మానుకోట_టీచర్ | మంగళవారం, రాత్రి 10:02

నేను మహబూబాబాద్ నుంచి రాస్తున్న. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడినయి. ఫొటోలు మీరందరూ చూసే ఉంటరు. వందలమంది కార్మికులు ఆ వానల్ల, ఆ బురదల రాత్రింబగళ్లు కంకర నింపిండ్రు. నాలుగైదు రోజుల్లనే బండ్లు మళ్లీ కదిలినయి. ఆ రోజుల్ల మా దగ్గర ఒక్క మనిషి కూడా రైలు మీద కోపం చేసుకోలే. ఎందుకంటే కారణం కళ్ల ముందున్నది, ఎన్ని రోజులు పడతదో రోజూ చెప్పిండ్రు. వేరే దారి చూసుకున్నం. బండ్లు తిరిగి మొదలైననాడు పట్టాల పక్కన పనిచేసేటోళ్లకు మా ఊరోళ్లు కిటికీలకెళ్లి చేతులెత్తి మొక్కిండ్రు.

జనగామ తమ్ముడు మొదట రాసిన మాట అందుకే నాకు నచ్చింది. జనం ఓపిక లేనోళ్లు కారు.

మూడో లైను పనుల గురించి కూడా అదే అంట. విజయవాడ–కాజీపేట మూడో లైను మాకు కావాలె, అది పూర్తయితేనే గూడ్సులు పక్కకు పోతయి. కానీ నాన్ ఇంటర్‌లాకింగ్ పనులని ప్రకటన వచ్చినప్పుడల్లా ముందు రద్దయ్యేది మా ప్యాసింజర్లు, మా పుష్‌పుల్లు. బడికి ఎట్ల పోవాలె?

రిటైర్డ్_ఎస్ఎం | మంగళవారం, రాత్రి 10:40

నాన్ ఇంటర్‌లాకింగ్ అంటే కొత్త లైనును స్టేషన్ యార్డులో పాత లైన్లతో కలపడానికి సిగ్నళ్లు, పాయింట్ల మధ్య ఉండే ఇంటర్‌లాకింగ్‌ను కొన్ని రోజులు విప్పేయడం. అప్పుడు పాయింట్లను మనుషులే వెళ్లి తిప్పి, క్లాంపు వేసి, తాళం పెట్టి బండిని పంపాలి. గంటకు వెళ్లే బండ్ల సంఖ్య బాగా పడిపోతుంది. భద్రత దృష్ట్యా రద్దు తప్పదు. ఏ బండ్లను రద్దు చేయాలన్నది మాత్రం మనుషులు నిర్ణయించేది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రోజువారీ వాళ్లకు మిగల్చమని అడగడం సబబే. పని తేదీలు చాలా ముందుగానే ఖరారవుతాయి, కాబట్టి ఆ సంగతి స్టేషన్ బోర్డు మీద ముందే రాయమని కూడా అడగండి.

టోక్యో_నుంచి | బుధవారం, ఉదయం 5:25

ఊరు ఖమ్మం, ఉద్యోగం టోక్యో. ఇక్కడ బండి ఆలస్యమైతే రైల్వే వాళ్లే ఒక చీటీ ఇస్తారు, ఫలానా లైను ఇన్ని నిమిషాలు ఆలస్యమైందని. ఇప్పుడు వెబ్‌సైట్ నుంచి కూడా తీసుకోవచ్చు. ఆఫీసులో, బడిలో, పరీక్ష హాల్లో అది చూపిస్తే ఒప్పుకుంటారు. తప్పు ఉద్యోగిది కాదని రుజువు. ఖర్చు లేని పని. హాఫ్ డే జీతం పోగొట్టుకునే వాళ్లకు ఇలాంటి చీటీ మన దగ్గర ఉంటే ఎంత ఆసరా.

జనగామ_పాస్ | బుధవారం, రాత్రి 9:55

అందరికీ దండాలు. కాగితం ఇట్ల రాసిన, చూడండి:

"మేము సికింద్రాబాద్, కాజీపేట, మహబూబాబాద్ మార్గంలోనూ, సిటీ లోకళ్లలోనూ రోజూ ప్రయాణించే సీజన్ టికెట్‌దారులం. బండిని స్టేషన్‌లో లూప్ లైనులో నిలిపినప్పుడు కారణం, ఎన్ని నిమిషాలు ఆగుతుందన్న అంచనా మైకులో తెలుగులో ప్రకటించాలి. లోకళ్లు, ప్యాసింజర్లు రద్దయితే ముందురోజు సాయంత్రం ఆరులోపు స్టేషన్లలోనూ, యాప్‌లోనూ తెలపాలి. పనుల వల్ల రద్దు తప్పనప్పుడు పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి మిగల్చాలి. జనగామ, భువనగిరి వంటి మధ్య స్టేషన్లకు బండి చేరిన సమయాలను కూడా సమయపాలన లెక్కలోకి తీసుకుని నెలనెలా ప్రకటించాలి. జనరల్, మహిళల బోగీల మరుగుదొడ్లలో బయల్దేరే స్టేషన్‌లోనే నీళ్లు నింపి చూడాలి. ఆలస్య ధ్రువీకరణ చీటీ అడిగినవారికి ఇవ్వాలి."

సీట్ల మీద కర్చీఫులు ఏసుడు, పేకాట మీద మేమే బోగీలల్ల తెలుగుల కాగితాలు అంటిస్తం. అది రైల్వే వాళ్లను అడిగేది కాదు, మనం చేసుకునేది.

తెనాలి_గుంటూరు | బుధవారం, రాత్రి 10:08

బాగా రాశారండీ. ఇదే నమూనాతో గుంటూరు, విజయవాడ డివిజన్లకు మేమూ ఇస్తాం. ఊళ్ల పేర్లు మార్చుకుంటాం. "కనీస చార్జీ మళ్లీ పెంచవద్దు" అని ఒక వాక్యం కలుపుతాం.

దూరం_పోయేవాడు | బుధవారం, రాత్రి 10:19

నా పేరు కూడా కలపండి. పాస్ లేకపోయినా సంతకం పెడతాను. అమ్మ కూడా పెడుతుంది.

భువనగిరి_అక్క | బుధవారం, రాత్రి 10:26

తమ్ముడూ, మరుగుదొడ్ల మాట ఆఖరుకు పెట్టినవ్. పైకి తే. "బయల్దేరే స్టేషన్‌లోనే" అంటే సాయంత్రం బండికి కూడా వర్తించేటట్టు "రెండు వైపులా" అని కలుపు. రద్దు సమాచారం కూడా సాయంత్రం బండికి అదే రోజు మధ్యాహ్నం మూడింటికల్లా ఇంకోసారి చెప్పాలని రాయి. అప్పుడే నాకు ఉప్పల్ బస్సు దొరుకుతది.

జనగామ_పాస్ | బుధవారం, రాత్రి 10:41

మార్చిన అక్కా, మరుగుదొడ్ల మాట మొదటి వాక్యం చేసిన. రేపు పొద్దుటి బండికి ప్రింటు తెస్త. ఇంజను నుంచి మూడో బోగీల ఉంట. ఆలేరు, రాయగిరి, భువనగిరిల ఎక్కేటోళ్లు పాస్ నంబరు రాసి సంతకం పెట్టుండ్రి. మానుకోట సార్ మీ దగ్గరి సంతకాలు శనివారంలోపు పంపితే సోమవారం సికింద్రాబాద్‌ల ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర ఏయించుకొని ఇక్కడ పెడత.